గేటు బయటి నేల

జనవరి 28

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఒంట్లో ఎలా ఉంది? ఓడ ఇంజను గది వేడికి వీపంతా చెమటకాయలు లేచాయని కిందటి ఉత్తరంలో రాశావు. నీళ్ళు బాగా తాగు. చెమటోడ్చేవాడికి ఉప్పు కూడా కావాలి, ఎవరైనా మానెయ్యమంటే వినకు. వదులు చొక్కాలు రెండు కుట్టి ఉంచాను, వచ్చే పార్సిలులో పంపుతాను.

దేవుడి దయవల్ల ఇల్లు పైకప్పు దాకా వచ్చింది. స్లాబు వేసిన రోజు వాన రాకూడదని పొద్దుటి నుంచి ప్రార్థన చేస్తూనే ఉన్నాను. రాలేదు. మేస్త్రీ మాత్రం, "వాన రాదని నాకు ముందే తెలుసమ్మా, గాలి వాసన చూసే ముహూర్తం పెట్టాను" అన్నాడు. పోనీలే, దేవుడికి సగం, మేస్త్రీకి సగం అనుకున్నాను.

నేను అద్దెకుంటున్న టీచరమ్మగారి మేడగది బాగా అలవాటైపోయింది. కిటికీలోంచి చూస్తే పక్కనే మన ఇల్లు. కుట్టుమిషను అక్కడే వేసుకుని, స్కూలు యూనిఫారాలు కుడుతూ పని కనిపెట్టి చూస్తుంటాను. నేను చూస్తున్నానని తెలిస్తే మేస్త్రీ తాపీతో గోడని కాస్త గట్టిగా తడతాడు.

టీచరమ్మగారి గురించి నీకు వివరంగా రాయనేలేదు. ఆవిడ రిటైరై చాలాకాలమైంది. మోకాళ్ళు అరిగిపోయి చక్రాల వాకరు పట్టుకుని నడుస్తారు. వాళ్ళాయన సిటీ బస్సు డ్రైవరుగా చేశారు. ఇప్పుడు అన్నీ మరిచిపోతున్నారని వీధి చివర పెద్దవాళ్ళని చూసుకునే హోములో ఉంచారు. ఆయన ఇంకెవరు పెట్టినా సరిగా తినరు. అందుకని ఈవిడ రోజూ పొద్దున్నే జావ డబ్బా వాకరుకి తగిలించుకుని బయల్దేరతారు. ఈవిడ భార్య అని ఆయనకి గుర్తులేదట, రోజూ తన బస్సెక్కే మనిషి అనుకుంటారట. "పెళ్ళైన ఇన్నేళ్ళకి నాకు పాసు ఇచ్చాడమ్మా" అని ఈవిడ నవ్వుతారు. ఆ నవ్వు చూస్తే నాకు పనిలో సూది ఆగిపోతుంది.

మరిచాను. ఇసుక లారీలూ కంకర లారీలూ గేటు దాకా వెనక్కి వచ్చి వచ్చి, మన ఇంటి ముందు ఫుట్‌పాత్ కాస్త అలిసిపోయింది. కొన్ని పలకలు పగిలాయి, కొన్ని లోపలికి దిగాయి. కాంక్రీటు కలిపే మిషను పెట్టినచోట సిమెంటు గుట్టలా గట్టిపడింది. తొందరేం లేదు, వీలైనప్పుడు ఆలోచించు. బాగుచేయిస్తే నడిచేవాళ్ళకీ బాగుంటుంది, ఇంటికీ బాగుంటుంది. టీచరమ్మగారు ఈమధ్య మన ఇంటి ముందు ఫుట్‌పాత్ ఎక్కడం మానేశారు.

గోడలకి ఏ రంగు వేయించమంటావో రాయి. దేవుడు నీకు తోడుగా ఉండాలి.

నీ అక్క

---

ఫిబ్రవరి 19
రేవు నుంచి

అక్కయ్యకి,

నమస్కారం. ఓడ రేవులో ఆగగానే కంపెనీ ఏజెంటు నీ ఉత్తరం చేతిలో పెట్టి, "ఏదో పెద్ద కబురే సార్, కవరు బరువుగా ఉంది" అన్నాడు. విప్పితే మొదట ఉప్పు! చెమటకాయలు తగ్గాయి. చొక్కాలు పంపు, కానీ జేబు మీద నా పేరు కుట్టకు. కిందటిసారి కుట్టావని ఇక్కడందరూ నన్ను స్కూలు పిల్లాడంటున్నారు.

స్లాబు పడిందంటే నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. మనిద్దరం పుట్టినప్పటి నుంచీ అద్దె ఇళ్ళే కదా. ఎవరి గోడకీ ఒక మేకు కొట్టే హక్కు లేకుండా పెరిగాం. ఈ ఇంట్లో నీ ఇష్టమొచ్చిన చోటల్లా మేకులు కొట్టు. ఏమీ తగిలించకపోయినా సరే, ఊరికే కొట్టు. రంగు కూడా నీ ఇష్టమే. వరండా మాత్రం ఒక్క అంగుళం తగ్గనివ్వకు. పెళ్ళి ఎలాగూ ఓడతోనే అయిపోయింది, ఓడ దిగాక నేను చెయ్యబోయే ఉద్యోగమల్లా ఆ వరండాలో పడక్కుర్చీ వేసుకుని వీధిని చూడడమే.

ఫుట్‌పాత్ గురించి మనసు పాడుచేసుకోకు. గేటు లోపల మనది, గేటు బయట మునిసిపాలిటీది. పన్ను కడుతున్నాం, వాళ్ళే వేస్తారు. ఇక టీచరమ్మగారు మన ఇంటి ముందు అడుగు పెట్టడమే మానేశారంటే ఆవిడకి కోపం వచ్చిందన్నమాట. దుమ్ము పడి ఉతికిన బట్టలు పాడవుతున్నాయని మొదట్లోనే గొణిగిందని రాశావు కదా. నీకసలే నోట్లో నాలుక లేదు. ఇంటావిడతో మాట మాట పెంచుకోకు, కొన్నాళ్ళు ఓర్చుకో. ఇల్లవగానే మారిపోదువు గాని.

నిన్ను ఫోనులో పలకరిస్తే "బాగున్నావా, బాగున్నాను" తప్ప రెండో మాట రాదు. కాబట్టి ఉత్తరమే రాస్తూ ఉండు.

నీ తమ్ముడు

---

మార్చి 8

చిరంజీవి తమ్ముడికి,

దీవెనలు. మన మీద టీచరమ్మగారికి కోపమేం లేదు. ఆవిడకి కోపం వస్తే ఊరంతటికీ తెలుస్తుంది. నిన్న కూరగాయలబ్బాయిని, "ఇది బెండకాయా, బెత్తమా?" అని అడిగారు.

నువ్వు అన్నట్టే మునిసిపాలిటీ వాళ్ళు వేస్తారేమోనని ఆఫీసుకి వెళ్ళొచ్చాను. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని ఒకాయన నేను చెప్పిందంతా విన్నారు.

"ఇల్లు కట్టకముందు ఫుట్‌పాత్ బాగుందా అమ్మా?"

"బాగుందండి."

"ఇప్పుడు?"

"అంత బాగాలేదండి."

"మధ్యలో ఏం జరిగింది?"

"ఇల్లు కట్టామండి."

"మరి నన్నెందుకు అడుగుతున్నారు? జవాబు మీరే చెప్పేశారుగా" అని నవ్వారు. కసిరినట్టు కాదు, మంచిగానే చెప్పారు. వీధి వాళ్ళదేనట, కానీ మన పనివల్ల పగిలింది కాబట్టి మనమే బాగుచేయించాలట. ముందెలా ఉందో అలా, అటూ ఇటూ ఉన్న ఫుట్‌పాత్‌తో సమానంగా. అయ్యాక వచ్చి చూస్తారట.

మేస్త్రీని అడిగాను. "నా ఒప్పందం గేటు దాకేనమ్మా. పగలగొట్టింది లారీ" అన్నాడు. లారీ అతన్ని అడిగితే, "మేస్త్రీ రమ్మన్నచోటికి వచ్చాను, గాల్లో ఎగిరి రానా?" అన్నాడు. ఇల్లు కట్టి చూడు అన్నారు గానీ, ఇంటి ముందు చూడు అని పెద్దవాళ్ళెవరూ చెప్పలేదు. నువ్వే ఏదో ఒకటి ఆలోచించు. ఇబ్బంది అనుకుంటే ఇప్పుడే వద్దులే.

లోపల పని ఈ నెలాఖరుకి అయిపోతుందట. నేను మాత్రం ఇంకొన్నాళ్ళు ఈ మేడగదిలోనే ఉంటాను. ఇప్పుడే ఆ ఇంట్లోకి మారాలని లేదు. కారణమంటూ ఏం లేదు, నువ్వు వేరేగా అనుకోకు.

పొద్దున్నే టీచరమ్మగారితో కలిసి హోము దాకా వెళ్ళొస్తున్నాను. మన ఇంటి దగ్గర రోడ్డు మీదకి దిగి, దాటాక మళ్ళీ ఎక్కాలి కదా, ఆ కాసేపూ ఆవిడ మోచెయ్యి పట్టుకుంటాను. అవతలి వైపు నడవడానికి చోటే లేదు, కాలవ గోడ. బండ్లవాళ్ళు హారన్ మోగిస్తారు గానీ పాపం ఆగుతారు. నాకూ నడక అవుతోంది, ఒంటికి మంచిదే.

రేవుల్లో దొరికే చేపలు చూసి తిను.

నీ అక్క

---

మార్చి 30
రేవు నుంచి

అక్కయ్యకి,

నీ ఉత్తరం చదివి రెండు విషయాలకి సంతోషం, ఒకదానికి బాధ.

నువ్వు పొద్దున్నే నడుస్తున్నావంటే సంతోషం. మిషను ముందు కూర్చుని కూర్చుని నడుం పట్టేస్తోందని ఎప్పుడూ అనేదానివి. టీచరమ్మగారితో స్నేహంగా ఉంటున్నందుకూ సంతోషమే.

ఆ ఇంట్లోకి మారాలని లేదు అన్నావు చూడు, అది చదివి భోజనం సయించలేదు. ఎవరికోసం కడుతున్నానక్కా ఆ ఇల్లు? కారణం లేదని రాశావు. నీకు కారణం లేదంటే కచ్చితంగా ఉన్నట్టే. చిన్నప్పుడు కాలికి గాజుపెంకు గుచ్చుకున్నా, "ఏం లేదు, కాస్త చక్కిలిగిలిగా ఉంది" అన్న మనిషివి నువ్వు.

రాత్రంతా ఆలోచించాను. రెండు ఉత్తరాల్లోనూ నువ్వు అడిగింది ఒక్కటే: ఇంటి ముందు బాగుండాలి. ఇంటికి బాగుంటుంది అని మొదటి ఉత్తరంలోనే రాశావు, నాకే ఎక్కలేదు. లోపల అంత శ్రద్ధగా కట్టి, గుమ్మం ముందు చెత్తకుప్పలా ఉంటే ఎవరికి మాత్రం అడుగు పెట్టబుద్ధేస్తుంది!

అందుకే నిన్ను అడక్కుండా ఒక పని చేశాను. మేస్త్రీకి రేవు నుంచి ఫోను చేశాను. ఆ సిమెంటు పలకలు మళ్ళీ ఎవడిక్కావాలి? వరండా కోసం తెప్పించిన లేతరంగు టైల్స్ ఉన్నాయే, నున్నగా అద్దంలా ఉంటాయని మేస్త్రీ చెప్పాడు, అవే ఫుట్‌పాత్ మీద కూడా పరవమన్నాను. గేటు దగ్గర ఎత్తు ఎక్కువైంది కాబట్టి, రేపు కారు కొంటే ఎక్కడానికి వీలుగా ఫుట్‌పాత్ మీదుగా రోడ్డు దాకా వాలు కూడా పెట్టమన్నాను. మునిసిపాలిటీ ఆయన వచ్చి చూసి వాళ్ళ ఆఫీసు ముందు కూడా ఇలాగే వేయించుకోవాలి. ఈ పాటికి నీ కళ్ళముందే ఉండి ఉంటుంది. ఎలా ఉందో రాయి.

నీ తమ్ముడు

---

ఏప్రిల్ 21

చిరంజీవి తమ్ముడికి,

దీవెనలు. నీ ఉత్తరం కంటే ముందే టైల్స్ వచ్చేశాయి. ఒకరోజు హోము నుంచి తిరిగొచ్చేసరికి మేస్త్రీ చేతులు కట్టుకుని నిలబడి, "తమ్ముడుగారు మీకు చెప్పొద్దన్నారు" అని పళ్ళన్నీ చూపించాడు.

చాలా బాగున్నాయి. ఎండ పడితే కళ్ళు చెదురుతున్నాయి. వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి చూస్తున్నారు. టీచరమ్మగారు కూడా చూసి, "ఎంత బాగుందమ్మా, చెప్పులు విప్పి నడవాలేమో" అన్నారు. అక్క కోసం ఎక్కడో సముద్రం మీద ఉండి ఇంత ఆలోచించావు. నీ మనసు తెలిసి కళ్ళు తడిశాయి. నీలాంటి తమ్ముణ్ణిచ్చినందుకు ఆ రోజు ప్రార్థనలో దేవుడికి చాలాసేపు చెప్పుకున్నాను.

వాలు కూడా బాగానే వచ్చింది. వాకరు చక్రాలకి మాత్రం అది ఇంకా అలవాటు కాలేదు, అక్కడికి రాగానే రోడ్డువైపు లాగుతాయి. నేను అటువైపు నిలబడి కాస్త ఆపుతాను. టైల్స్ కొత్తవి కదా, కాలు పట్టు దొరకడానికి కొన్నాళ్ళు పడుతుందేమో. వానలు ఇంకా మొదలవలేదు. ఆ మునిసిపాలిటీ ఆయన ఇంకా చూడ్డానికి రాలేదు. పని ఎక్కువుందేమో.

నేను ఇంకా మేడ మీదే ఉన్నాను. వానలు వచ్చి వెళ్ళాక చూద్దాం.

టీచరమ్మగారి వాళ్ళాయన మొన్న నన్ను చూసి, "మీరు ఏ స్టాపులో దిగాలి?" అని అడిగారు. ఏం చెప్పాలో తెలియక "చివరిదాకా" అన్నాను. "అయితే వెనక కూర్చోండి, దిగేవాళ్ళకి అడ్డం కదా" అన్నారు. వెనక కుర్చీలో కూర్చున్నాను. ఆయనకి టీచరమ్మగారు పక్కన కూర్చుంటేనే చెంచా నోటికి అందుతుంది.

ఒళ్ళు జాగ్రత్త.

నీ అక్క

---

మే 9
రేవు నుంచి

అక్కయ్యకి,

హమ్మయ్య! "చాలా బాగున్నాయి" అని నీ చేత్తో రాసింది చూశాక గాని ప్రాణం కుదుటపడలేదు. ఆ ముక్క మా వంటవాడికి కూడా చదివి వినిపించాను. మీ ఇంటి ముందు ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చా అని అడిగాడు. దువ్వుకోవచ్చన్నాను.

చక్రాలూ కొత్తవీ అన్నీ అలవాటవుతాయిలే. ఇక మారడానికి అడ్డేముంది? వానలంటావు! పైకప్పు వేయించింది వానల కోసమే కదా.

రేపు బయల్దేరుతున్నాం. ఈసారి నడిసముద్రంలో చాలాకాలం. మళ్ళీ రేవు చూసేదాకా నీ ఉత్తరాలు నాకు అందవు. అయినా రాస్తూ ఉండు, కూడబెట్టుకుని ఒక్కసారే చదువుకుంటాను.

నీ తమ్ముడు

---

జూన్ 14

తమ్ముడూ,

టీచరమ్మగారు పడిపోయారు.

మొదటి వాన కురిసిన పొద్దున. టైల్స్ మీద నీళ్ళు నిలిచాయి. నేను రోడ్డువైపే నిలబడ్డాను, వాకరు పట్టుకునే ఉన్నాను. గేటు ముందు వాలు దగ్గర చక్రాలు రోడ్డువైపు జారాయి, ఆవిడ కాళ్ళు గోడవైపు జారాయి. నా చేతిలో వాకరు మిగిలింది, మనిషి మిగల్లేదు. చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది, మోకాలు చిప్ప దెబ్బతింది. జావ అంతా ఆ టైల్స్ మీద పోయింది. ఆవిడ నేల మీద పడి ఉండి కూడా, "అయ్యో, ఆయన ఆకలితో ఉంటాడే" అన్నారు గానీ అబ్బా అనలేదు.

ఇప్పుడు మంచం మీద ఉన్నారు. నేను జావ పట్టుకుని ఒక్కదాన్నే హోముకి వెళ్తున్నాను. ఆయన నోరు తెరవడం లేదు. "నా మనిషి ఇంకా ఎక్కలేదు, బండి కదలదు" అంటారు. ఎక్కిందండీ, వెనక కూర్చుంది అని అబద్ధం చెప్పాను. వెనక్కి తిరిగి చూసి, "లేదు" అన్నారు. బతిమాలితే రెండు చెంచాలు. హోము వాళ్ళు ఇలాగే ఉంటే గొట్టం వేయాలంటున్నారు. ఇంటికొస్తే టీచరమ్మగారు, "తిన్నాడా?" అని అడుగుతారు. తిన్నారనే చెబుతున్నాను. ఆవిడ నా ముఖం చూసి గోడవైపు తిరుగుతారు. ఇన్నేళ్ళు పిల్లల అబద్ధాలు పట్టుకున్న మనిషి.

కాబట్టి తమ్ముడూ, ఈసారి చక్కిలిగిలి అని రాయను.

నేను అడిగింది అందం కాదు. మొదటి రోజు నుంచీ నేను అడిగింది ఆవిడ నడవడానికి దారి. నేను పొద్దున్నే నడిచింది ఒంటికి మంచిదని కాదు, ఆవిడ బండి కింద పడకుండా. నేను ఆ ఇంట్లోకి మారనిది ఇల్లు నచ్చక కాదు. ఈవిడ దారి పగలగొట్టి కట్టిన ఇంట్లో, ఆ దారి మళ్ళీ వేయకుండా నాకు నిద్ర పట్టదు. ప్రార్థనకి కూర్చుంటే వాకరు చక్రాల చప్పుడే వినిపిస్తుంది. నువ్వు బాధపడతావని మెత్తమెత్తగా రాశాను, టైల్స్ చూసి కూడా బాగున్నాయనే రాశాను. నీ మనసు చూసుకున్నాను గానీ ఆవిడ కాళ్ళు చూసుకోలేదు.

ఇప్పుడు చెయ్యవలసింది చెబుతాను. ఆ టైల్స్ మొత్తం తియ్యాలి. గరుకు పలకలు, ముందున్నలాంటివే వెయ్యాలి, పక్క ఫుట్‌పాత్‌తో సమానంగా. గేటు గడప కిందికి దించి, కారు ఎక్కే వాలు గేటు లోపలికి జరపాలి. అలా చేస్తే నీ వరండాలో సగం పోతుందని మేస్త్రీ అంటున్నాడు. పోవాలి. నువ్వింకా కొనని కారు కోసం రోజూ నడిచే మనిషి పడకూడదు.

నువ్వు చెబితే గాని గేటు ముట్టుకోనని మేస్త్రీ భీష్మించుకున్నాడు. ఇల్లు నీ పేరున ఉంది. ఈ ఉత్తరం అందిన రోజునే అతనికి ఫోను చెయ్యి. టైల్స్ మీద గోనెపట్టాలు పరిచి ఉంచాను.

అక్క

---

జూలై 17
రేవు నుంచి

అక్కయ్యా,

ఏజెంటు నీ ఉత్తరం ఇచ్చేసరికి నేను ఓడ మెట్ల మీద ఉన్నాను. అక్కడే కూర్చుండిపోయాను. దిగేవాళ్ళందరూ నన్ను దాటుకుని దిగారు.

మొదట మేస్త్రీకి ఫోను చేశాను. తర్వాతే ఇది రాస్తున్నాను. "వరండా కోస్తే ఇంటికి ముఖం పోతుంది సార్" అన్నాడు. "ముఖం పోతే పోనీ, ఆవిడ చెయ్యి విరిగింది" అన్నాను. దానికతను, "నేనూ చూశాను సార్ ఆవిడ పడ్డం. టైల్స్ ఊడదీసేటప్పుడు ముక్కలైపోతాయి, పర్లేదా?" అన్నాడు. ముక్కలు చెయ్యడానికే తియ్యమన్నాను. రేపటి నుంచే మొదలుపెడతానని మాటిచ్చాడు. నువ్వు కిటికీలో కూర్చో. ఈసారి తాపీ చప్పుడు నమ్మకు, దగ్గరికెళ్ళి చూడు.

ఆ తర్వాత నీ ఉత్తరాలన్నీ పెట్టెలోంచి తీసి మొదటి నుంచి చదివాను. అన్నీ ఉన్నాయక్కా. డబ్బా తగిలించుకుని వెళ్ళే టీచరమ్మగారు ఒక పేరాలో, పగిలిన పలకలు ఇంకో పేరాలో. నేను రెండూ చదివాను, కలిపి చదవలేదు. "బండ్లవాళ్ళు పాపం ఆగుతారు" అన్నచోట నవ్వాను కూడా. ఇంకా సిగ్గుచేటైన విషయం చెప్పనా? మా ఇంజను గదిలో నేలంతా గాట్లు పెట్టిన ఇనుప రేకులే. నున్నటి రేకు ఒక్కటి వేసినా నేనే ఊరుకోను, మనిషి జారిపోతాడని కొత్తవాళ్ళకి పాఠం చెప్పేది నేనే. ఓడలో ఇంత తెలిసినవాణ్ణి, ఇంటి ముందు మాత్రం అద్దం పరిపించాను. అక్కకి నచ్చాలనే ఆలోచనలో ఆ దారిన ఇంకెవరైనా నడుస్తారనే తోచలేదు. గేటు బయట మనది కాదన్నవాణ్ణి, నా కారు కోసం వాలు పెట్టేటప్పుడు మాత్రం అది నాదే అనుకున్నాను.

టీచరమ్మగారికి వేరే కాగితం పెట్టాను, చదివి వినిపించు. వైద్యానికి ఏం కావాలన్నా మనమే చూసుకోవాలి, ఆవిడ వద్దన్నా సరే. ఆవిడ హోముకి ఎలా వెళ్తున్నారు? నడవలేకపోయినా రోజూ బండి కట్టించుకుని తీసుకెళ్ళు. ఆయన ఇప్పుడైనా తింటున్నారా? వెంటనే రాయి. ఏమీ తగ్గించి రాయకు.

నీ తమ్ముడు

---

సెప్టెంబరు 12

చిరంజీవి తమ్ముడికి,

మనసారా దీవెనలు. మధ్యలో రెండు ముక్కలు రాశాను గానీ పని పూర్తయ్యాకే వివరంగా రాద్దామని ఆగాను. తగ్గించకుండా అన్నీ చెబుతాను.

ముందు ఆయన సంగతి. నీ ఉత్తరం రాకముందే హోము వాళ్ళతో మాట్లాడి, టీచరమ్మగారిని చక్రాల కుర్చీలో ఆటో ఎక్కించి తీసుకెళ్ళాను. ఆటో అతను అంత దగ్గరికి రానని గునిశాడు. "నాయనా, ఒక మనిషి అన్నం తినడం నీ చేతిలో ఉంది" అన్నాను. మర్నాటి నుంచి పిలవకుండానే వస్తున్నాడు. కట్టు కట్టిన చేత్తో ఈవిడ గుమ్మంలోకి రాగానే ఆయన నోరు తెరిచారు, అంతే. చెంచా పట్టింది నేనే, పక్కన కూర్చుంది ఈవిడ. గొట్టం మాట మళ్ళీ రాలేదు. కాస్త ఒళ్ళు చేశారు కూడా.

నీ క్షమాపణ కాగితం చదివి వినిపించాను. సగంలోనే, "చాలు చాలు, ఇంత పొడుగు వ్యాసం ఎవరడిగారు? పలకలు వేయించమను, పాసు మార్కులు వేస్తాను" అన్నారు. కానీ రాత్రి అది తలకింద పెట్టుకున్నారు.

మేస్త్రీ టైల్స్ తీశాడు. గేటు దించాడు. నీ వరండా సగమైంది తమ్ముడూ, అది చూస్తే నాకు కష్టంగానే ఉంది. పడక్కుర్చీ పడుతుంది గానీ కాళ్ళు చాపితే మెట్ల మీదకి వస్తాయి. మడుచుకుని కూర్చుందువు గాని. పలకలు పరిచాక అతను వెనక్కి వెళ్ళి చూసి ముఖం మాడ్చుకున్నాడు. "ఇంత కష్టపడ్డామా, అసలేం చెయ్యనట్టే ఉందమ్మా. ఎవడైనా చూసి మేస్త్రీ ఎవరని అడుగుతాడా?" అని బాధ. మునిసిపాలిటీ ఆయన వచ్చి, వంగి చూడ్డం మొదలుపెట్టారు. టీచరమ్మగారు మేడ కింద నుంచి, "వంగితే ఏం తెలుస్తుంది? నా వాకరు తీసుకుని నడవండి" అని అరిచారు. ఆయన నిజంగానే తీసుకుని, కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని, అటు చివర నుంచి ఇటు చివరికి తోసుకుంటూ నడిచారు. వీధంతా చూసింది. సరిపోయిందన్నారు.

నేను ఇంట్లోకి మారాను. మిషను ముందు గదిలో వేసుకున్నాను. ఒక మేకు కొట్టాను, వంకరగా దిగింది. ఉండనిచ్చాను.

ఈ పొద్దున డాక్టరు నడవచ్చన్నాక మొదటిసారి టీచరమ్మగారు వాకరు పట్టుకుని బయల్దేరారు. చెయ్యి ఇంకా సన్నగా ఉంది. భయపడ్డారు. ఆవిడ భయపడగా నేనెప్పుడూ చూడలేదు. "మీ ఇల్లు దగ్గర పడగానే చెప్పు, ఆగి గట్టిగా పట్టుకుంటాను" అన్నారు. సరేనన్నాను. మోచెయ్యి పట్టుకుని నడుస్తున్నాను. భయం తెలియకుండా ఉండడానికేమో ఆవిడే కబుర్లు మొదలుపెట్టారు. పెళ్ళైన కొత్తలో ఒకరోజు ఆయన బస్సెక్కారట, టికెట్ కొనలేదట, డ్రైవరు భార్యని కదా అని. ఆయన అందరి ముందూ బస్సు ఆపేసి, "కొంటేనే కదులుతుంది" అన్నారట. వారం రోజులు మాట్లాడలేదట ఈవిడ. చెబుతూ ఈవిడే నవ్వడం, నవ్వుతూ ఈవిడే తిట్టడం. మన గేటు వచ్చింది. చెబుదామని నోరు తెరిచాను. చక్రాలు ఒకే తీరుగా గరగరమంటూ వెళ్తున్నాయి, ఆవిడ కాళ్ళ వైపు చూడ్డంలేదు. చెప్పలేదు.

మందుల షాపు దగ్గరికొచ్చాక ఆవిడ ఆగారు.

"ఏమ్మా, మీ ఇల్లు ఇంకా రాలేదేం?"

"దాటేశామండీ."

"ఎప్పుడు?"

"మీరు టికెట్ కొనేటప్పుడు."

ఆవిడ వెనక్కి తిరిగి ఫుట్‌పాత్ పొడుగునా ఒకసారి చూశారు. కళ్ళజోడు సర్దుకుని, "సరే, మిగతాది విను, జావ చల్లారిపోతుంది" అని వాకరు ముందుకు తోశారు.

నీ అక్క